దరఖాస్తు పంపాక మొదలయ్యే పని: ఉద్యోగ వేటలో గడువు, జవాబు, రుజువు

కోల్‌కతా: పశ్చిమ బెంగాల్ స్కూల్ సర్వీస్ కమిషన్ ఉపాధ్యాయ నియామకాల కోసం ప్రకటించిన వెయిటింగ్ జాబితాలో సిలిగురికి చెందిన ఒక అభ్యర్థిని స్థానం 20. తర్వాత అదే జాబితా సవరించిన రూపంలో మళ్లీ వెలువడింది. అందులో ఆమె స్థానం 21. కొత్తగా పైకి వచ్చిన పేరు ఎవరిది, ఆ పేరుకు ఎన్ని మార్కులు వచ్చాయి అన్న ప్రశ్నలను ఆమె వదిలిపెట్టలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు చేరింది. 2022 మే నెలలో న్యాయస్థానం ఒక రాష్ట్ర మంత్రి కుమార్తె నియామకాన్ని రద్దు చేసి, అప్పటివరకు అందుకున్న జీతాన్ని తిరిగి చెల్లించాలని ఆదేశించింది. ఇంత పెద్ద వ్యవహారానికి మూలం రెండు జాబితాల మధ్య ఉన్న ఒక్క అంకె తేడా.

దరఖాస్తు పంపడంతో తన పని ముగిసిందని భావించే అభ్యర్థికి ఆ తేడా కనిపించదు. దరఖాస్తు తర్వాత చేయవలసిన పనులన్నింటినీ కలిపి వాడుకలో ఫాలోఅప్ అంటున్నారు. వాటిని మూడుగా విభజించవచ్చు. గడువులను గుర్తుంచుకోవడం మొదటిది. రావలసిన జవాబును అడిగి తెచ్చుకోవడం రెండోది. జరిగినదానికి రుజువును భద్రపరచడం మూడోది. ఫోనులోను, కంప్యూటరులోను ఉచితంగా దొరికే సాధనాలతో వీటిలో చాలా భాగాన్ని దానంతట అదే జరిగేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే ఏ పనిని యంత్రానికి అప్పగించాలి, ఏ పనిని సొంత చేతిలో ఉంచుకోవాలి అన్న విచక్షణ తప్పనిసరి.

కార్డు పోయి పోర్టల్ వచ్చింది

ఒక తరం క్రితం ఫాలోఅప్ అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ చుట్టూ తిరగడమే. పేరు నమోదు చేసుకుని కార్డు తెచ్చుకోవడం, చాలా రాష్ట్రాల్లో మూడేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవడం, ఇంటర్వ్యూ కార్డు కోసం పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడటం తెలుగు ఇళ్లకు కూడా తెలిసిన దృశ్యాలే. రెన్యువల్ తేదీ దాటితే సీనియారిటీ పోయేది. కోల్‌కతా నిరుద్యోగ యువత జీవితాన్ని సత్యజిత్ రాయ్ 1970లో 'ప్రతిద్వంద్వి', 1976లో 'జన అరణ్య' చిత్రాల్లో చూపారు. తన సన్నని చేతిరాతను పరీక్షకుడు సరిగా చదవలేకపోవడంతో ఆనర్స్ కోల్పోయిన యువకుడి కథ 'జన అరణ్య'.

ఇప్పుడు కార్డు స్థానంలో పోర్టల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 జులైలో ప్రారంభమైంది. రైల్వే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, బ్యాంకులు, రాష్ట్ర కమిషన్లు, ప్రైవేటు సంస్థలు దేనికదే వేరు వెబ్‌సైటు నడుపుతున్నాయి. ఒక్కో అభ్యర్థికి పదేసి ఖాతాలు, పదేసి రిజిస్ట్రేషన్ నంబర్లు ఏర్పడుతున్నాయి. సమాచారం ఇంటికి రావడం తగ్గింది. అభ్యర్థే దాని దగ్గరకు వెళ్లి చూసుకోవాలి. పోస్ట్‌మ్యాన్ చేసిన పనిలో సగం ఇప్పుడు అభ్యర్థి మీద పడింది.

గడువులు: యంత్రానికి అప్పగించదగినవి

కోల్‌కతాతో తెలుగు అభ్యర్థులకు ఉన్న పాత బంధాల్లో రైల్వే ముఖ్యమైనది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం నగరంలోని గార్డెన్ రీచ్‌లో ఉంది. ఆ రైల్వేకు చెందిన ఖరగ్‌పూర్ పట్టణంలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. రైల్వే నియామక మండళ్ల కంప్యూటర్ ఆధారిత పరీక్షలను తెలుగులోనూ రాయవచ్చు. ఒక ప్రకటనకు ఒకే మండలిని ఎంచుకోవాలి కాబట్టి, కోల్‌కతా మండలిని ఎంచుకున్న అభ్యర్థి ఆ ఎంపికకే కట్టుబడి ఉండాలి.

రైల్వే నియామకంలో ఒక దరఖాస్తు వెంట ఎన్ని గడువులు నడుస్తాయో ఇటీవలి ప్రకటనలను చూస్తే అర్థమవుతుంది. పరీక్ష నగరం, తేదీ వివరాలు సుమారు పది రోజుల ముందు వెబ్‌సైటులో కనిపిస్తాయి. ఉచిత ప్రయాణానికి అర్హులైన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు ప్రయాణ అనుమతి పత్రాన్ని కూడా అక్కడే పొందాలి. ఈ-కాల్ లెటర్ సుమారు నాలుగు రోజుల ముందు వస్తుంది. విశాఖపట్నం నుంచో, సికింద్రాబాద్ నుంచో హౌరాకు రైలు ఎక్కవలసిన అభ్యర్థికి ఈ నాలుగు రోజుల్లో బెర్తు దొరకడం కష్టం. నగరం వివరం వెలువడిన రోజే చూసినవారికి మాత్రమే టికెట్ ప్రయత్నానికి కొంత వ్యవధి మిగులుతుంది.

పరీక్ష తర్వాత ప్రాథమిక కీ విడుదలవుతుంది. అభ్యంతరం తెలపడానికి కొద్ది రోజులే అవకాశం ఉంటుంది. ప్రశ్నకు రూ.50 చొప్పున చెల్లించాలి, అభ్యంతరం సరైనదని తేలితే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. పరీక్ష రుసుములోనూ వాపసు ఉంది. రూ.500 చెల్లించిన అభ్యర్థులు మొదటి పరీక్షకు హాజరైతే బ్యాంకు ఛార్జీలు పోను రూ.400, రూ.250 చెల్లించిన ఎస్సీ, ఎస్టీ, మహిళా తదితర వర్గాలవారికి పూర్తి మొత్తం తిరిగి జమ అవుతుంది. దరఖాస్తులో బ్యాంకు ఖాతా వివరాలు తప్పయితే ఆ సొమ్ము చేతికి అందదు.

ఇలాంటి గడువులను జ్ఞాపకశక్తికి వదిలేయడం ప్రమాదకరం. ఫోనులోని క్యాలెండరులో ప్రతి గడువుకూ రెండు హెచ్చరికలు పెట్టుకోవడం మంచి పద్ధతి. ఒకటి వారం ముందు, రెండోది రెండు రోజుల ముందు మోగాలి. చివరి రోజు మోగే హెచ్చరిక వల్ల ప్రయోజనం తక్కువ. ఆ రోజు సర్వర్ నెమ్మదిస్తుంది, చెల్లింపు మధ్యలో ఆగిపోతుంది. తేదీ ఇంకా ప్రకటించని దశలకు వారానికోసారి పునరావృతమయ్యే పనిగా 'వెబ్‌సైటు చూడాలి' అని పెట్టుకోవాలి. పరీక్ష నెల దగ్గరపడిన కొద్దీ దాన్ని రోజువారీగా మార్చుకోవాలి.

ధ్రువపత్రాలకూ గడువులు ఉంటాయి. ఆర్థికంగా బలహీన వర్గాల ధ్రువపత్రం అంతకుముందు ఆర్థిక సంవత్సరపు ఆదాయం ఆధారంగా జారీ అవుతుంది. ఏప్రిల్ దాటిన తర్వాత వచ్చే కొత్త ప్రకటనకు పాత పత్రం పనికిరాకపోవచ్చు. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో 'కొత్త పత్రానికి దరఖాస్తు' అన్న హెచ్చరిక క్యాలెండరులో శాశ్వతంగా ఉండటం అవసరం.

ఈమెయిలుకు జల్లెడ

ఉద్యోగ వేటకు ప్రత్యేకంగా ఒక ఈమెయిలు చిరునామా, మారని ఒక మొబైల్ నంబరు ఉండాలి. రైల్వే దరఖాస్తుకు ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన మొబైల్ నంబరు, ఈమెయిలు తర్వాత మార్చడానికి వీలుకాదని ప్రకటనల్లోనే స్పష్టంగా ఉంటుంది. నియామకం పూర్తికావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా రీఛార్జి లేక సిమ్ రద్దయితే ఆ నంబరు వేరొకరికి వెళ్లే అవకాశం ఉంది.

జీమెయిల్ వంటి సేవల్లో ఫిల్టర్ సౌకర్యం ఉంది. ఫలానా చిరునామా నుంచి వచ్చిన ఉత్తరాన్ని స్పామ్‌లోకి పోనీయకుండా, దానికొక లేబుల్ తగిలించి, ముఖ్యమైనదిగా గుర్తించమని ఒకసారి చెబితే చాలు. అయితే సంక్షిప్త నామాలను నమ్మి ఫిల్టర్ పెట్టడం కోల్‌కతాలో పొరపాటుకు దారి తీస్తుంది. ఎస్‌ఎస్‌సీ అంటే కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్, పశ్చిమ బెంగాల్‌లో అదే మూడక్షరాలతో స్కూల్ సర్వీస్ కమిషన్‌ను పిలుస్తారు. అందువల్ల ఫిల్టరులో పూర్తి ఈమెయిలు డొమైన్ రాయాలి. వెబ్‌సైట్లు మారడం కూడా గమనించాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో కొత్త వెబ్‌సైటుకు మారినప్పుడు, పాత సైటులో నమోదైన అభ్యర్థులు కూడా కొత్తగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవలసి వచ్చింది. పాత చిరునామానే చూస్తూ కూర్చున్నవారికి కొత్త ప్రకటన కనిపించదు.

ఒకే పట్టికలో అన్ని దరఖాస్తులు

ఈ ఏర్పాటంతటికీ కేంద్రం ఒక పట్టిక. గూగుల్ షీట్స్‌లో గాని, ఎక్సెల్‌లో గాని ఒక్కో దరఖాస్తుకు ఒక్కో వరుస కేటాయించాలి. సంస్థ పేరు, పోస్టు, ప్రకటన సంఖ్య, దరఖాస్తు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, ప్రస్తుత దశ, తదుపరి చేయవలసిన పని, ఆ పని తేదీ, రుజువులు దాచిన ఫోల్డర్ అన్న తొమ్మిది నిలువు గళ్లు సరిపోతాయి. పాస్‌వర్డులను ఈ పట్టికలో రాయకూడదు.

తొమ్మిదింటిలో ప్రాణం వంటివి 'తదుపరి పని', 'ఆ పని తేదీ'. ఈ రెండూ ఖాళీగా ఉన్న వరుస మరిచిపోయిన దరఖాస్తుతో సమానం. తేదీని ఈనాటి తేదీతో పోల్చి, దాటిపోయిన వాటికి ఎరుపు, వారంలోపు ఉన్న వాటికి పసుపు రంగు వేసే సౌకర్యం ఈ రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. కొంత సాంకేతిక పరిచయం ఉన్నవారు గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌తో ఇంకో మెట్టు ఎక్కవచ్చు. ప్రతి ఉదయం పట్టికను చదివి, ఆ రోజు చేయవలసిన పనుల జాబితాను అభ్యర్థి సొంత ఈమెయిలుకే పంపే చిన్న స్క్రిప్ట్ రాయడం కష్టమైన పని కాదు.

జవాబులు: చిత్తుప్రతి యంత్రానిది, సంతకం మనిషిది

సాల్ట్ లేక్ సెక్టార్ 5, న్యూ టౌన్ ప్రాంతాల్లోని సాఫ్ట్‌వేర్, సేవారంగ సంస్థల్లో ప్రయత్నించే అభ్యర్థుల పరిస్థితి వేరు. ఇక్కడ ముందుగా ప్రకటించిన షెడ్యూలు ఉండదు. ఇంటర్వ్యూ ముగిశాక 'మేమే తెలియజేస్తాం' అన్న మాట మాత్రమే ఉంటుంది. అందుకే ఇంటర్వ్యూ గది నుంచి బయటికి వచ్చే ముందే 'ఎప్పటిలోగా తెలుస్తుందని ఆశించవచ్చు?' అని మర్యాదగా అడగడం అవసరం. వచ్చిన జవాబే పట్టికలో తదుపరి తేదీ అవుతుంది.

ఆ తర్వాత క్రమం సులభం. ఇంటర్వ్యూ జరిగిన మరునాటిలోగా ధన్యవాదాలు తెలుపుతూ నాలుగు వాక్యాల ఉత్తరం పంపాలి. చెప్పిన తేదీ దాటిన రెండు పనిదినాలకు మొదటి విచారణ, మరో వారం పది రోజులకు రెండో విచారణ చేయవచ్చు. దానికీ స్పందన లేకపోతే ఆ వరుసను 'ముగిసింది' అని గుర్తించి, ఆ సమయాన్ని కొత్త దరఖాస్తుకు వెచ్చించడం మేలు. విచారణ ఉత్తరం ఇలా ఉండవచ్చు: 'ఈ నెల 10న ఫలానా పోస్టుకు ఇంటర్వ్యూకు హాజరయ్యాను. 20వ తేదీలోగా ఫలితం తెలియజేస్తామన్నారు. ఎంపిక ప్రక్రియ ఏ దశలో ఉందో తెలుపగలరు. నా వైపు నుంచి ఇంకేమైనా పత్రాలు కావలసివస్తే వెంటనే పంపగలను.' ఇందులో తేదీ, పోస్టు, అడుగుతున్న విషయం స్పష్టంగా ఉన్నాయి. ఫిర్యాదు గాని, ప్రాధేయపడటం గాని లేదు.

ఈ ఉత్తరాలను యంత్రం చేతనే పంపించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. సాంకేతికంగా అది సాధ్యమే. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి యాప్స్ స్క్రిప్ట్ ద్వారా రోజుకు వంద మందికి మెయిలు పంపవచ్చు. కానీ ఫోనులో అప్పటికే తిరస్కరణ చెప్పిన అధికారికి 'ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను' అని యాంత్రికంగా మరో మెయిలు వెళ్లినా, ఒక సంస్థ పేరుతో ఇంకో సంస్థకు ఉత్తరం చేరినా అభ్యర్థి పరువు పోతుంది. యంత్రం చిత్తుప్రతిని సిద్ధం చేసి పెట్టాలి, అభ్యర్థి చదివి పేరు, తేదీ సరిచూసుకుని పంపాలి. కృత్రిమ మేధతో రాయించిన ఉత్తరానికీ ఇదే నియమం వర్తిస్తుంది. రాత్రి రాసిన ఉత్తరాన్ని మరునాడు ఉదయం పది గంటలకు చేరేలా 'షెడ్యూల్ సెండ్' పెట్టుకోవడం వరకు ఇబ్బంది లేదు.

రుజువులు: 25,753 ఉద్యోగాల పాఠం

సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఇచ్చిన తీర్పుతో పశ్చిమ బెంగాల్‌లో 25,753 మంది ఉపాధ్యాయ, బోధనేతర సిబ్బంది నియామకాలు రద్దయ్యాయి. ఇవి 2016 నాటి ఎంపిక ప్రక్రియకు చెందినవి. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్ 22న కలకత్తా హైకోర్టు ఇచ్చిన తీర్పును సర్వోన్నత న్యాయస్థానం ప్రధానంగా సమర్థించింది. మొత్తం ప్రక్రియ సరిదిద్దలేనంతగా కళంకితమైందని నిర్ధారించింది.

అక్రమాలకు పాల్పడనివారు కూడా ఉద్యోగాలు కోల్పోవడానికి కారణాల్లో ఒకటి రికార్డులు లేకపోవడం. అభ్యర్థులు రాసిన అసలు ఓఎంఆర్ పత్రాలు ధ్వంసమయ్యాయి. కమిషన్ వద్ద వాటి స్కాన్ ప్రతులు లేవు. సీబీఐ దర్యాప్తులో ఘాజియాబాద్‌లో స్వాధీనం చేసుకున్న హార్డ్‌డిస్కుల్లోని ప్రతులకు, కమిషన్ సర్వరులోని మార్కులకు తేడాలు బయటపడ్డాయి. ఎవరు న్యాయంగా ఎంపికయ్యారో, ఎవరు కాలేదో పూర్తిగా వేరు చేసి చూపే ఆధారం మిగలలేదు. 2025 సెప్టెంబరు 7, 14 తేదీల్లో కమిషన్ మళ్లీ పరీక్షలు నిర్వహించింది. ఏళ్ల తరబడి తరగతి గదుల్లో పాఠాలు చెప్పినవారు మళ్లీ పరీక్ష హాలులో కూర్చున్నారు. ఈసారి ఓఎంఆర్ కార్బన్ ప్రతిని అభ్యర్థులు తమతో తీసుకువెళ్లే వీలు కల్పించారు.

సంస్థల రికార్డులు నశించవచ్చు. అభ్యర్థి దగ్గర ఉండే ప్రతి ఒక్కటే ఎంపికను నిలబెట్టలేకపోవచ్చు, అయినా ప్రశ్న వేయడానికి అదే మొదటి ఆధారం. దరఖాస్తు పీడీఎఫ్, రుసుము రసీదు, హాల్‌టికెట్, ఓఎంఆర్ ప్రతి లేదా రెస్పాన్స్ షీట్, ప్రాథమిక కీ, తుది కీ, ఫలితాల జాబితా, ఆ జాబితా సవరణలు ఒక్కో పోస్టుకు ఒక్కో ఫోల్డరులో ఉండాలి. ఫైలు పేరు తేదీతో మొదలైతే అన్నీ వరుసక్రమంలో కనిపిస్తాయి. రెస్పాన్స్ షీట్ లింకు కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది. జాబితా మారితే పాతది వెబ్‌సైటు నుంచి మాయం కావచ్చు. కాబట్టి వెలువడిన రోజే దించుకోవాలి. ఆ ఫోల్డర్ ఫోనులో మాత్రమే కాకుండా క్లౌడ్‌లోను, పెన్‌డ్రైవ్‌లోను కూడా ఉంటే ఫోను పోయినా రుజువు పోదు.

అడిగే హక్కుకూ కాలపరిమితి

సమాచార హక్కు చట్టం 2005 ఈ పనిలో బలమైన సాధనం. కేంద్ర సంస్థలకు రూ.10 రుసుముతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, సంతృప్తికరంగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు చేసుకోవచ్చు. ఈ మూడు తేదీలూ దరఖాస్తు పంపిన రోజే క్యాలెండరులో చేరాలి.

దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు అభ్యర్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న తీర్పు చెప్పింది. 2008లో సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్ష రాసి, వచ్చిన మార్కులతో ఏకీభవించని ఒక విద్యార్థి కలకత్తా హైకోర్టును ఆశ్రయించడంతో ఆ కేసు మొదలైంది. అదే తీర్పులో అభ్యర్థులు గమనించవలసిన ఇంకో అంశం ఉంది. నిబంధనల ప్రకారం పత్రాలను భద్రపరిచే కాలం వరకే ఆ హక్కును వినియోగించుకోగలరు. సీబీఎస్‌ఈ అప్పట్లో జవాబు పత్రాలను మూడు నెలలే ఉంచేది. ఆలస్యంగా అడిగితే హక్కు ఉన్నా పత్రం ఉండదు. సివిల్ సర్వీసెస్ పరీక్ష వివరాలను యాంత్రికంగా వెల్లడించాలని ఆదేశించలేమని 2018లో సుప్రీంకోర్టు పేర్కొంది కాబట్టి, అన్ని పరీక్షలకూ ఒకే ఫలితం ఆశించరాదు.

అప్పగించకూడనివి

ఓటీపీ, రుసుము చెల్లింపు, దరఖాస్తు తుది సమర్పణ, ధ్రువపత్రాల అప్‌లోడ్ ఏ యాప్‌కూ, ఏ మధ్యవర్తికీ అప్పగించకూడదు. ఉద్యోగం వచ్చిందంటూ రిజిస్ట్రేషన్ ఛార్జీలు అడిగే ఫోన్లు, సెక్యూరిటీ డిపాజిట్ కోరే నకిలీ నియామక పత్రాలు జవాబు కోసం ఎదురుచూసేవారినే లక్ష్యంగా చేసుకుంటాయి. ఇక్కడ పట్టిక రక్షణగా నిలుస్తుంది. పట్టికలో వరుస లేని సంస్థ నుంచి వచ్చిన నియామక పత్రాన్ని నమ్మడానికి ముందు విచారించుకోవాలి. సొమ్ము పోయినట్లయితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే సొమ్మును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

జాబితాలో ఒక్క స్థానం తేడాను వదిలిపెట్టని సిలిగురి అభ్యర్థిని కథ అక్కడితో ముగియలేదు. హైకోర్టు ఆదేశంతో 2022లో ఆమెకు ఉద్యోగం లభించింది. అయితే దరఖాస్తులో ఆమె డిగ్రీ మార్కుల శాతం ఉన్నదానికంటే ఎక్కువగా నమోదై, దానివల్ల అదనపు మార్కులు కలిశాయని మరో అభ్యర్థిని కోర్టు దృష్టికి తెచ్చారు. 2023 మే నెలలో అదే న్యాయస్థానం ఆ నియామకాన్ని రద్దు చేసి, ఉద్యోగాన్ని తర్వాతి అభ్యర్థినికి ఇవ్వాలని ఆదేశించింది.

ఇతరుల జాబితాను పరిశీలించిన శ్రద్ధతోనే సొంత దరఖాస్తునూ పరిశీలించాలని ఈ పరిణామం చెబుతోంది. తప్పు గమనించిన వెంటనే, సవరణకు గడువు ఉండగానే సరిచేసుకోవాలి. రైల్వే దరఖాస్తుల్లో రూ.250 రుసుముతో అనుమతించిన వివరాలను మార్చుకునే అవకాశం ఉంటుంది.

ఆదివారం అరగంట ఈ పనికి సరిపోతుంది. పట్టికలో ఎరుపు రంగు వరుసలు చూడటం, సిద్ధంగా ఉన్న చిత్తుప్రతులు చదివి పంపడం, ఆ వారం వచ్చిన పత్రాలను ఫోల్డర్లలో చేర్చడం, పంపిన దరఖాస్తుల్లో ఒకదాన్ని మార్కుల జాబితాతో పక్కపక్కన పెట్టి మళ్లీ చదవడం. మొదటి మూడు పనుల్లో యంత్రం తోడుంటుంది. నాలుగో పని మాత్రం అభ్యర్థి స్వయంగా చేసుకోవలసిందే.